‘ఏజెన్సీ’లో కర్త ఎవరు?

కోరాపుట్, రాయగడ జిల్లాల చరిత్ర మీద, సాహిత్యం మీద తెలుగులో వ్యాసాలు వ్రాస్తున్న విద్యార్థుల రచనల్లో ఈమధ్య ఒక మాట తరచుగా కనిపిస్తున్నది. అది ‘ఏజెన్సీ’. మాట కొత్తది కాదు. ఈ కొండల్లో దాని వయస్సు నూట ఎనభై ఏళ్ళు దాటింది. కొత్తదల్లా దాని వాడుక. “గిరిజనుల ఏజెన్సీని చరిత్రకారులు గుర్తించలేదు” అన్న వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇంగ్లీషు సామాజిక శాస్త్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ఇది అర్థమవుతుంది. గిరిజనులు తమంత తాము ఆలోచించి, నిర్ణయించుకొని, పని చేయగలవారన్న సంగతిని చరిత్రకారులు పట్టించుకోలేదని దీని భావం. అదే వాక్యాన్ని గుణుపురంలోనో పార్వతీపురంలోనో ఒక బడిపంతులుకు చదివి వినిపిస్తే, గిరిజనులు ఉండే కొండ ప్రాంతాన్ని చరిత్రకారులు గుర్తించలేదని ఆయన అనుకుంటాడు. తప్పు ఆయనది కాదు. ఆయన తెలుగులో ‘ఏజెన్సీ’ ఒక చోటు.

ఒక మాటకు రెండు అర్థాలుండడం వింత కాదు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఈ రెండు అర్థాలూ ఒకదానికొకటి దాదాపు విరుద్ధమైనవి. మొదటి అర్థంలో మనిషి తన పనికి తానే కర్త. రెండవ అర్థంలోని చోటు, అక్కడి మనుషుల పనులన్నిటికీ వేరొకడిని పెద్దగా నియమించడం వల్ల ఏర్పడినది. రెండింటినీ ఒకే అక్షరాలతో వ్రాసి ఊరుకుంటే చదువరికి మిగిలేది అయోమయమే. ఈ చిక్కును నిఘంటువు చూసి తీర్చలేమనీ, వాక్యం చూసి తీర్చాలనీ మేము భావిస్తున్నాము.

ముందు ఇంగ్లీషు మాట సంగతి. లాటిన్‌లో ‘చేయు, నడుపు’ అనే అర్థాలున్న ‘అగెరె’ అన్న క్రియ దీనికి మూలం. దాని నుండి వచ్చిన ‘ఏజెంట్’ అంటే పని చేసేవాడు. మరొకరి తరపున పని చేసేవాడు కూడా ఏజెంటే. ఈ ఇద్దరూ ఒకే మాటలో ఇమిడి ఉండడం ఇంగ్లీషుకు ఇబ్బందిగా తోచలేదు. తెలుగులో మాత్రం వీరిద్దరూ వేరు. మొదటివాడు కర్త. రెండవవాడు సందర్భాన్ని బట్టి ప్రతినిధి, వకీలు, ముఖ్తారు, దళారి. కంపెనీ రోజుల్లో ‘గుమాస్తా’ కూడా ఈ వరుసలోవాడే. కంపెనీ తరపున సరుకు కొనే గుమాస్తా నేడు ఆఫీసులో లెక్కలు వ్రాసే గుమాస్తా అయినాడు. మాటల హోదాలు కూడా మారుతూ ఉంటాయి.

ఈ రెండవ అర్థం నుండి తెలుగు వాడుకలోకి దిగిన ఏజెన్సీలు చాలా ఉన్నాయి. గ్యాస్ ఏజెన్సీ, ఎరువుల ఏజెన్సీ, పత్రికల ఏజెన్సీ అందరికీ తెలిసినవే. “మా బావ సిమెంటు ఏజెన్సీ తీసుకున్నాడు” అంటే వ్యాపారం. “న్యూఢిల్లీ (ఏజెన్సీలు)” అని దినపత్రికలో ఉంటే వార్తా సంస్థలు. అదే పుటలో కింద “ఏజెన్సీలో పెరిగిన చలి” అని ఉంటే పాడేరో సీతంపేటో. తెలుగు చదువరి ఈ మూడింటి మధ్య ఎప్పుడూ తడబడడు. ఎందుకంటే వ్యాకరణమే దారి చూపిస్తుంది. వ్యాపారానికి, వార్తా సంస్థకు బహువచనం సహజం. చోటు అర్థంలోని ‘ఏజెన్సీ’ ఊరి పేరులా ప్రవర్తిస్తుంది. ‘కి’, ‘లో’, ‘నుండి’ అన్న విభక్తులు దానికి ఇష్టం, బహువచనం అంతగా పడదు. “ఏజెన్సీకి బదిలీ అయింది” అని ఒక ఉద్యోగి నిట్టూర్చినప్పుడు ఏ ఏజెన్సీ అని ఎవరూ అడగరు. ఐ.టి.డి.ఎ. అన్న పేరులో చివరి అక్షరం కూడా ‘ఏజెన్సీ’యే. దానిని తెలుగు చేసినవారు ‘సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ’ అని వ్రాసి మంచి పని చేశారు. లేకపోతే ఏజెన్సీలో ఒక ఏజెన్సీ అని చెప్పుకోవలసి వచ్చేది.

ఇంగ్లీషులో ‘ఒకరి తరపున పని చేసే కార్యాలయం’ అనే అర్థమున్న మాట తెలుగులో కొండ ఎలా అయింది? విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగి చూడాలి.

1830లలో పర్లాకిమిడి, పాలకొండ, గుంసూరు ప్రాంతాల్లో వరుసగా అలజడులు రేగాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆ అనుభవం నుండి పుట్టినది 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో కొన్ని జమీందారీలను ఆ చట్టం మామూలు న్యాయస్థానాల పరిధి నుండి, మామూలు రెగ్యులేషన్ల పరిధి నుండి తప్పించింది. సివిలు, క్రిమినలు, రెవెన్యూ అధికారాలను కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ హోదాలో కలెక్టరు పేరు గవర్నరుగారి ఏజెంటు. ఆయన అధికారం నడిచే పరిధి ఏజెన్సీ.

అంటే మొదట ఇది కొండ పేరు కాదు, కుర్చీ పేరు. కుర్చీ పేరు పరిధికి, పరిధి పేరు నేలకు, నేల పేరు అక్కడి చలికీ జ్వరాలకూ మనుషులకూ పాకింది. ఇంకొక విశేషం గమనార్హం. 1839లో ఈ పరిధిలో కొండలు మాత్రమే లేవు. విజయనగరం, బొబ్బిలి వంటి మైదాన జమీందారీలు కూడా ఉండేవి. 1860లలో వాటిని తప్పించిన తర్వాతనే ఏజెన్సీ అంటే కొండలే అన్న సమీకరణం గట్టిపడింది. ఆ జమీందారీలు తప్పుకోకపోయి ఉంటే గురజాడ అప్పారావుగారు కూడా ఏజెన్సీ రచయిత అయ్యేవారు!

కోరాపుట్, రాయగడ అప్పట్లో జయపురం సంస్థానంలోనివి. జయపురంలో ఏజెంటుకు సహాయాధికారిని నియమించినది 1863లో. ఆ తర్వాత చట్టాల్లో ఈ నేల పేర్లు మారుతూ వచ్చాయి. 1874లో షెడ్యూల్డ్ జిల్లా, 1919లో వెనుకబడిన ప్రాంతం, 1935లో పాక్షికంగా మినహాయించిన ప్రాంతం, 1950లో రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతం. నడుమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి కోరాపుట్ జిల్లా అందులో చేరింది. 1992 అక్టోబరులో ఆ జిల్లా నుండి రాయగడ విడివడింది. తెలుగు, ఒడియా రెండింటిలోనూ పాండిత్యమున్నవాడూ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భూరి విరాళాలిచ్చినవాడూ అయిన విక్రమదేవ వర్మ సంస్థానం చట్టం లెక్కలో వెనుకబడిన ప్రాంతమే. ఈ పేర్లను యథాతథంగా నమ్మరాదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

1936 తర్వాత మాట దారి రెండుగా చీలింది. సరిహద్దుకు ఇవతల ఆంధ్రలో అది చట్టంలోనూ నిలిచింది. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్‌లో ‘ఏజెంటు’ ఇంకా ఉన్నాడు. అవతల ఒడిశాలో భూమి బదలాయింపును నియంత్రించేది వేరొక రెగ్యులేషన్, 1956 నాటి రెండవది. కోరాపుట్, రాయగడ తెలుగువారు ‘ఏజెన్సీ’ అంటూనే ఉన్నారు. అది వారి పలుకుబడి, దానికి మేము అడ్డు చెప్పము. కాని పరిశోధన పత్రంలో “రాయగడ ఏజెన్సీలో 1959 నాటి చట్టం” అని వ్రాసేటప్పుడు పలుకుబడి వేరు, చట్టం వేరు అన్న ఎరుక ఉండాలి. మాట ఒకటే కదా అని చట్టాన్ని కూడా సరిహద్దు దాటిస్తే, ఒక కొంధు రైతు భూమి కేసును ఆ ఊళ్ళో లేని చట్టంతో చదివినట్టవుతుంది.

ఇక పర్యాయపదాలు. ఏజెన్సీ, మన్యం, గిరిజన ప్రాంతం, షెడ్యూల్డ్ ప్రాంతం అన్న నాలుగింటినీ విద్యార్థులు ఒకదాని బదులు ఒకటి వాడుతున్నారు. ఒకే పేరాలో మాట మళ్ళీ రాకూడదన్న శైలి నియమం బడిలో నేర్పినది. శైలికి అది మంచిదే కావచ్చు గాని ఇక్కడ పనికిరాదు. ‘షెడ్యూల్డ్ ప్రాంతం’ రాష్ట్రపతి ఉత్తర్వుతో గీసిన పటం. ‘గిరిజన ప్రాంతం’ జనాభాను చూసి చెప్పే మాట. పటం లోపల గిరిజనేతరులు ఉన్నారు, పటం వెలుపల గిరిజన గ్రామాలు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపివేయడం వల్ల నష్టపోయేది పటం వెలుపల మిగిలినవారు.

‘మన్యం’ సంగతి వేరు. ఇది ఇంగ్లీషు రాకకు ముందే తెలుగులో ఉన్న మాట. మన్నె, మన్నీడు, మన్నీలు అన్న పాత రూపాలు స్థానిక పాలకులను చెబుతాయి. దీర్ఘం తగిలించి ‘మాన్యం’ అని వ్రాస్తే అది శిస్తు లేని ఇనాం భూమి అవుతుంది. ఈ పొరపాటు అచ్చు పుస్తకాల్లో కూడా చూస్తాము. మన్యంలో కొండ ఉంది, అడవి ఉంది, అక్కడి దొర ఉన్నాడు. గవర్నరుగారి ఏజెంటు లేడు. అందుకే 1922 నుండి 1924 వరకు ఇంగ్లీషు ప్రభుత్వంతో పోరాడిన అల్లూరి సీతారామరాజు మనకు మన్యం వీరుడయ్యాడు. ‘ఏజెన్సీ వీరుడు’ అని చూడండి. జీవిత బీమా పాలసీలు బాగా చేర్పించినందుకు ఇచ్చిన బిరుదులా వినిపిస్తుంది. పర్యాయపదాలు నిజంగా పర్యాయపదాలో కాదో తేల్చడానికి ఇటువంటి మార్పిడి పరీక్షను మించినది లేదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రాయగడకు ఆనుకొని ఉన్న జిల్లాకు పార్వతీపురం మన్యం అని పేరు పెట్టారు. పార్వతీపురం ఏజెన్సీ అనలేదు. కార్యాలయం వాడే మాటకు, జనం గౌరవించే మాటకు ఉన్న తేడా ప్రభుత్వానికి కూడా తెలుసునన్నమాట.

ఒడిశా వైపు వేరే మాటలున్నాయి. గంజాం కొండలను పాత రికార్డుల్లో మాలియాలు అన్నారు. కోరాపుట్ దేశియా ఒడియాలో కొండ ‘డొంగర్’, కొండవాలు సాగుభూమి కూడా డొంగరే. నియమగిరి మీద ఉండే డొంగరియా కొంధుల పేరు ఆ మాటతో ఏర్పడినదే. ఇక్కడ కొండ అంటే సాగు చేసే నేల. ఏజెన్సీలో లేని మనిషి ఈ మాటలో ఉన్నాడు. తెలుగు విద్యార్థి ‘డొంగర్’ను ‘ఏజెన్సీ’గా అనువదించిన క్షణాన ఆ మనిషి జారిపోతాడు.

ఇప్పుడు మొదటి వాక్యానికి తిరిగి వద్దాం. సామాజిక శాస్త్రాల్లో ‘ఏజెన్సీ’ అన్న పరిభాష ముఖ్యంగా 1970ల చివరి నుండి బలపడింది. వ్యవస్థ మనిషిని ఎంతవరకు శాసిస్తుంది, మనిషి ఎంతవరకు తన పని తాను చేస్తాడు అన్నది అందులోని ప్రశ్న. ఈ ప్రశ్న మన కొండలకు కూడా వచ్చింది. 1982లో వెలువడిన సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటిలో డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప తిరుగుబాట్ల మీద వ్రాసిన వ్యాసం 1839తో మొదలై 1924తో ముగుస్తుంది. చట్టం ఏజెన్సీని సృష్టించిన సంవత్సరమూ, ఆ వ్యాసం కొండవాళ్ళ తిరుగుబాట్లను లెక్కించడం మొదలుపెట్టిన సంవత్సరమూ ఒకటే. రెండు అర్థాలూ ఎదురెదురుగా నిలబడిన చోటు ఇది.

భాషాశాస్త్రానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. పాణిని కర్తకు చెప్పిన లక్షణం స్వాతంత్ర్యం. క్రియ విషయంలో స్వతంత్రుడైనవాడు కర్త. అంతటితో ఆగక సంస్కృత వ్యాకరణం చేసేవాడిని, చేయించేవాడిని విడదీసి ప్రయోజ్య కర్త, ప్రయోజక కర్త అన్నది. తెలుగుకు ఈ తేడా ప్రత్యయంలోనే ఉంది. చేయు, చేయించు. వేయు, వేయించు.

“ఏజెంటు కూలీల చేత రోడ్డు వేయించాడు.” ఇందులో పని చేసినవారు కూలీలు, వాక్యానికి కర్త ఏజెంటు. “కూలీల చేత రోడ్డు వేయబడింది.” అదే ‘చేత’, కాని ఏజెంటు మాయమైనాడు. “రోడ్డు వేశారు.” ఎవరో వేశారు. “రోడ్డు పడింది.” ఇక ఎవరూ లేరు, రోడ్డు దానంతట అదే పడింది. ఈ చివరి నిర్మాణం తెలుగుకు చాలా ప్రియమైనది. కరెంటు వచ్చింది, బడి వచ్చింది, భూమి పోయింది.

‘భూమి పోయింది’ అన్న మాట దగ్గర మేము విద్యార్థులను నిలబెట్టదలచాము. కొండ రైతు ఆ మాట అనవచ్చు. ఎవరు తీసుకున్నారో ఆయనకూ, వినేవారికీ తెలుసు కనుక పేరు చెప్పనక్కరలేదు. పరిశోధన పత్రంలో అది “గిరిజనుల భూములు అన్యాక్రాంతమయ్యాయి” అవుతుంది. ఈ సంస్కృత సమాసంలో ‘అన్యుడు’ ఉన్నాడు గాని ముఖం లేదు. కోరాపుట్, రాయగడల్లో ఆ అన్యులలో ఒడియా వారున్నారు, మైదానం నుండి వచ్చిన తెలుగు వర్తకులు కూడా ఉన్నారు. ఏజెన్సీ కచేరీలతో, సంతలతో, అప్పు పత్రాలతో పాటు మన భాష కూడా ఈ కొండలెక్కింది. ఆ సంగతి తెలుగులో చెప్పడానికి మనం వెనుకాడితే, మనకు ఎంతో వీలైన వ్యాకరణం మన భాషలోనే సిద్ధంగా ఉంది. మా ఆక్షేపణ అంతా దీని గురించే. ఒకవైపు “గిరిజనుల ఏజెన్సీని గుర్తించాలి” అని పీఠికలో వ్రాస్తారు. లోపలి అధ్యాయాల్లో గిరిజనులు దోపిడీకి గురవుతారు, తరలించబడతారు, చైతన్యవంతులుగా చేయబడతారు. ప్రథమా విభక్తిలో ఉండేది కలెక్టరు, సాహుకారు, పార్టీ, సంస్థ. కొంధులు, సవరలు, పరజాలు ద్వితీయలోనూ షష్ఠిలోనూ కూర్చుంటారు. ఏ పరిభాషా ఈ వాక్యాలను కాపాడలేదు.

సవర భాషను చదివిన గిడుగు రామమూర్తిగారిని ఇక్కడ తలచుకోవాలి. 1931లో సవర భాషకు ఆయన వ్యాకరణ గ్రంథం వెలువడింది, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. సవరలను గురించి మాట్లాడడానికి ముందు సవరలో మాట్లాడడం నేర్చుకున్నారు. సవరలు చెప్పినది ఆయన వ్రాసుకున్నారు. ఆ పనిలో చెప్పేవారు ఎవరో, వినేవారు ఎవరో సందేహం లేదు.

సాహిత్యం నుండి ఒక ఉదాహరణ. గోపీనాథ్ మహంతి ఒడియా నవల ‘పరజా’ 1945లో వచ్చింది. కథ కోరాపుట్ కొండల్లోనిది. సుక్రు జాని కుటుంబం అప్పులో దిగి, గొత్తి కూలీలై, భూమిని పోగొట్టుకుంటుంది. చివరకు తండ్రీ కొడుకులు సాహుకారును చంపి, తామే వెళ్ళి పోలీసులకు ఆ సంగతి చెప్పుకుంటారు. ‘ఏజెన్సీ’ పరిభాష నేర్చిన విమర్శకులు ఈ చివరి ఘట్టాన్నే పట్టుకుంటారు. ఇక్కడ గిరిజనుడు కర్త అయినాడు అంటారు. మేము దీనితో పూర్తిగా ఏకీభవించము. నవల మొదట్లో సుక్రు జానికి కొడుకుల ఇళ్ళ గురించి, అడవి కొట్టి చేసుకోబోయే పొలం గురించి కలలున్నాయి. ఆ కలలు కన్నవాడు, గొడ్డలితో చెట్టు నరికినవాడు కర్త కాడా? గొడ్డలి మనిషి మీద పడినప్పుడే కొండవాడిలో కర్తను చూడగలగడం 1839 నాటి చూపుకు మరీ దూరమైనది కాదు. అలజడి జరిగినప్పుడు మాత్రమే ఆ ప్రభుత్వానికి కూడా కొండవాళ్ళు కనిపించేవారు.

అయితే అనువాదం ఎలా? ‘కర్తృత్వం’ అన్న మాట శాస్త్ర చర్చకు సరిపోతుంది గాని, గ్రంథకర్తృత్వంతో గందరగోళపడే ప్రమాదం ఉంది. ‘స్వనిర్ణయశక్తి’ బరువుగా ఉన్నా స్పష్టంగా ఉంది. ‘చొరవ’ కొన్నిచోట్ల చక్కగా అతుకుతుంది. వాడుకలో ‘చేతనవడం’, ‘చేతకాకపోవడం’ అన్న జంట ఉంది. కొండవాళ్ళు చేతకానివారన్న అభిప్రాయాన్ని ఖండించే చోట “ఇది వారికి చేతనైన పని” అనడం కంటె సూటి తెలుగు మాకు కనబడదు. అన్నిచోట్లా ఒకే మాట కావాలని పట్టుబట్టనక్కరలేదు. ఇంగ్లీషుకు నామవాచకం మీద మోజు ఎక్కువ. తెలుగు సమాపక క్రియతో నడిచే భాష. ఇంగ్లీషులో ‘ఏజెన్సీ’ అన్న నామం ఎదురైనప్పుడు దానికి సమానమైన నామం కోసం నిఘంటువు తిరగేయడానికి ముందు, ఎవరు ఏమి చేశారు అని అడిగి ఆ జవాబును వాక్యంగా వ్రాయండి.

రాయగడ నుండే ఒక వాక్యం చూద్దాం. 2013 ఏప్రిల్ 18న సుప్రీం కోర్టు నియమగిరి బాక్సైటు తవ్వకం విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమన్నది. ఆ ఏడు జూలై, ఆగస్టు నెలల్లో 12 గ్రామాల్లో సభలు జరిగాయి. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. దీనిని గురించి “డొంగరియా కొంధులు గ్రామసభలలో తమ ఏజెన్సీని చాటుకున్నారు” అని తెలుగులో వ్రాస్తే, పార్వతీపురం చదువరికి వారు తమ ప్రాంతం పేరు చెప్పుకున్నట్టుంటుంది. “తవ్వనివ్వమని డొంగరియా కొంధులు తీర్మానించారు” అంటే చాలు. ‘తవ్వనివ్వము’ అన్న ఒక్క క్రియలో కర్త ఉన్నాడు, బహువచనం ఉంది, నిరాకరణ ఉంది, ఆ కొండ మీద తమకు చెప్పే హక్కు ఉందన్న భావం కూడా ఉంది.

ఆ వాక్యంలోనే “పన్నెండు ఏజెన్సీ గ్రామాలు” అని వ్రాయాలని కొందరికి అనిపించవచ్చు. అలా వ్రాయకండి. ఆ పన్నెండింటిలో 7 రాయగడ జిల్లావి, ఇవి ఒకప్పటి విశాఖపట్నం ఏజెన్సీలోనివే. మిగిలిన 5 కలహండివి. కలహండి స్వదేశ సంస్థానం, అక్కడ ఆ ఏజెంటు అధికారం ఎన్నడూ లేదు. కొండ మాత్రం రెండు వైపులా ఒకటే.